కథనం ఒక తెలుగులో, సంభాషణ మరో తెలుగులో: గొంతు రెండుగా చీలకుండా రాయడం ఎలా?

ప్రశ్న: డిండివాగు (దేవరకొండ)

దేవరకొండ దగ్గరి ఒక పల్లెను తీసుకొని పెద్దకథ ఒకటి రాస్తున్నాను. భర్త కూలీల గుంపును తీసుకుపోయే మేస్త్రి వెంట పుణెకు వలసపోగా, ఊళ్లో పత్తి ఏరే కూలికి పోతూ, ముసలి మామను, నల్లగొండలో ఇంటర్మీడియట్ చదువుతున్న కొడుకును చూసుకుంటున్న అంతమ్మ అనే ఆమె కథ ఇది. మిగిలిన కొద్దిపాటి చెలకను కూడా అమ్మేద్దామని మామ ఒక రాత్రి అనడంతో కథ మొదలవుతుంది.

విషయం తెలిసినదే, మనుషులు తెలిసినవాళ్లే. అయినా రాసిన పేజీలను పైకి చదివితే కథ చెప్పే గొంతు ఒకచోటా, మనుషులు మాట్లాడే గొంతు మరొకచోటా ఉన్నట్టు వినిపిస్తున్నది. కథనమంతా మనం బడిలో నేర్చుకున్న తెలుగులో, పత్రికల్లో చదివే తెలుగులో సాగుతుంది. ఎవరైనా నోరు తెరవగానే ఒక్కసారిగా మన యాస మొదలవుతుంది. ఇద్దరు మిత్రులకు చదవడానికి ఇచ్చాను. ఒకరేమో కథనం కూడా పూర్తిగా యాసలోనే ఉండాలన్నారు; రెండవవారు ఇతర జిల్లాల పాఠకులకు అర్థం కాదు కనుక సంభాషణల్లో కూడా యాసను బాగా తగ్గించమన్నారు. ఇద్దరూ చదువరులే, ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. వాక్యం చప్పగా ఉందనిపించిన చోటల్లా కలం తనంతట తానే బరువైన మాటల వైపు పోతుంది. నా కథలోని ఒక పేరా యథాతథంగా ఇస్తున్నాను:

"తొలిసంధ్య కిరణాలు పత్తిచేల మీద పరచుకుంటున్న వేళ, అంతమ్మ మనసు అవ్యక్తమైన ఆందోళనతో నిండిపోయింది. తమకు మిగిలిన యాభై సెంట్ల భూమి గురించి నిన్న రాత్రి మామ అన్న మాటలు ఆమె హృదయాన్ని కలచివేస్తున్నాయి. 'గా భూమిని గిప్పుడు గెందుకు అమ్ముతుండో గీయన' అని లోలోపల అనుకుంది."

కథ చెప్పే గొంతును ఏ తెలుగులో ఉంచాలి, మనుషుల మాటల్లో యాసను ఎంతవరకు చూపాలి, అలంకారం ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం అన్నవి నన్ను వేధిస్తున్న ప్రశ్నలు. కథలు రాసేవాళ్లు, శ్రద్ధగా చదివేవాళ్లు తమ అభిప్రాయం చెప్పగలరు.


జవాబు: కందిచేను (మహబూబ్‌నగర్)

డిండివాగు గారూ, మీరు అడిగినవి విడివిడి ప్రశ్నలుగా కనిపిస్తున్నా, నా దృష్టిలో వాటన్నిటికీ మూలం ఒక్కటే: ఆ చేను గట్టు మీద నిలబడి చూస్తున్నది ఎవరు? మీ పేరాలో అంతమ్మ ఉన్నది కానీ, చూస్తున్నది ఆమె కాదు. పత్తిచేను మీద సూర్యకిరణాలు పరచుకోవడం దూరం నుంచి వచ్చినవారికి కనబడే దృశ్యం. పొద్దున్నే కూలికి వచ్చిన మనిషికి అక్కడ కనబడేది మంచు. మంచు ఆరకముందే ఏరితే పత్తి తడిగా ఉంటుంది, తేమ పన్నెండు శాతం దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, కాబట్టి రైతు మంచు ఆరేదాకా చేనులోకి దిగనివ్వడు. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ గంటసేపు చేతులు ముడుచుకొని కూర్చోవడమంటే డబ్బు పోవడమే. అంతమ్మ ఆందోళనకు ఆధారం అక్కడే ఉన్నది. దానికి "అవ్యక్తమైన" అనే విశేషణం తగిలించే పని లేదు.

తరువాత "యాభై సెంట్లు". మన దగ్గర పొలాన్ని సెంట్లలో ఎవరూ కొలవరు. ఎకరానికి నూరు సెంట్లనేది కోస్తా లెక్క. మనకు ఎకరానికి నలభై గుంటలు. మీరు చెప్పదలచుకున్నది ఇరవై గుంటలు. ఈ ఒక్క మాటతో, నల్లగొండ జిల్లా పాఠకుడికి ఈ కథ చెబుతున్న మనిషి తన ఊరివాడు కాదన్న అనుమానం వస్తుంది. ఆ తరువాత సంభాషణల్లో యాస ఎంత నింపినా ఆ నమ్మకం తిరిగిరావడం కష్టం. అందుకే యాస కన్నా ముందు కొలతలు, పనిముట్లు, తిండి, పంట, కాగితాల పేర్లు సరిచూసుకోమని నేను అందరికీ చెబుతుంటాను. అంతమ్మ ఇంట్లో గోంగూర పచ్చడి ఉండదు, పుంటికూర తొక్కు ఉంటుంది. ఇవి పాఠకుడికి అడ్డు కావు. ఎక్కడివాళ్లయినా సందర్భాన్ని బట్టి ఇట్టే గ్రహిస్తారు.

ఇక "గా భూమిని గిప్పుడు గెందుకు" అన్న వాక్యం. తెలంగాణ అనగానే ప్రతి మాటకూ ముందు "గ" చేర్చే అలవాటు సినిమాల నుంచి, టీవీ హాస్య కార్యక్రమాల నుంచి వచ్చింది. మన మనుషులు "గట్ల" అంటారు, "అట్ల" కూడా అంటారు. దేన్నయినా వేలుపెట్టి చూపినట్టుగా నొక్కి చెప్పేటప్పుడు "గ" వస్తుంది, మామూలుగా చెప్పేటప్పుడు తరచుగా రాదు. "గెందుకు" అని మాత్రం నేను ఏ ఊళ్లోనూ వినలేదు. యాస అసలు బలం ఈ అక్షరాల్లో కన్నా వాక్యం ముగిసే తీరులో ఉంటుంది. వచ్చిండు, పోయినం, చేస్తుంటిమి అనే క్రియారూపాలు, "పోవుడు, వచ్చుడు, అమ్ముడు" అని క్రియను నామంగా మార్చే పద్ధతి, సగం చెప్పి ఆపేయడం, ఎదుటి మనిషిని ఏ వరుసతో పిలుస్తున్నారన్నది: ఈ నాలుగు కుదిరితే మిగతా ఉచ్చారణ అంతా పాఠకుడే తన చెవిలో నింపుకుంటాడు.

మీ పేరానే తీసుకొని, కథనంలో మీ క్రియారూపాలను మార్చకుండా, చూసే కన్నును మాత్రం అంతమ్మకు ఇచ్చి రాసి చూశాను:

"మంచు ఇంకా ఆరలేదు. తడిపత్తి ఏరొద్దని రైతు అందరినీ గట్టు మీదనే ఆపాడు. అంతమ్మ నడుముకు ఒడి కట్టుకొని కూర్చుంది. ఇరవై గుంటలు. అది కూడా పోతే పహాణీలో ఇక తమ పేరు ఎక్కడుంటుంది? రాత్రి కంచం ముందర కూర్చొని మామ, 'అమ్ముడే బిడ్డా, ఇంకేం జేస్తం' అన్నాడు. అని, అన్నం కలపకుండానే లేచాడు."

ఇందులో యాస చాలా తక్కువ. హృదయం లేదు, కలచివేయడం లేదు. మామ అన్నం తినకుండా లేచాడన్నది చాలు. ఆమెకు రాత్రంతా ఎలా గడిచిందో వేరుగా చెప్పనవసరం లేదు. అలంకారం పూర్తిగా మానేయమని నా ఉద్దేశం కాదు. అయితే పోలిక ఏదైనా ఆ పాత్ర చూసిన ప్రపంచంలోనుంచే రావాలి. సముద్రాన్ని ఎన్నడూ చూడని మనిషి దుఃఖాన్ని సముద్రంతో పోల్చే వాక్యం ఎంత అందంగా ఉన్నా, అది రచయిత తన కోసం రాసుకున్నదే అవుతుంది.


జవాబు: పాలపిట్ట (సూర్యాపేట)

కందిచేను గారు తిరగరాసిన పేరా బాగున్నది, కానీ ఒక విషయంలో నేను వారితో ఏకీభవించలేను. చూసే కన్నును అంతమ్మకు ఇచ్చిన తరువాత కూడా "ఆపాడు, అన్నాడు, లేచాడు" అనే క్రియలను ఎందుకు ఉంచాలి? "పహాణీలో ఇక తమ పేరు ఎక్కడుంటుంది" అన్నది అంతమ్మ తలపోత. ఆ తలపోతకూ మామ మాటకూ మధ్య "అన్నాడు" వచ్చి నిలబడినప్పుడు, ఇంట్లోకి వచ్చిన కొత్త మనిషి గొంతు వినబడినట్టు నాకు అనిపిస్తుంది.

మనం "అందరి తెలుగు" అనుకుంటున్న భాష కూడా ఒక ప్రాంతానిదే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక ఉద్యమం గ్రాంథికాన్ని పక్కకు జరిపి చాలా మేలు చేసింది. కానీ ఆ తరువాత పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ స్థిరపడిన రూపం ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవారి వాడుక. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా విభజించినప్పుడు తెలంగాణ ఉత్తర మండలం అయింది, ప్రమాణమైనది మధ్య మండలం. కాబట్టి "వచ్చాడు" ఎవరిదీ కాని మాట, "వచ్చిండు" మాత్రమే ఒక ప్రాంతపు మాట అనుకోవడం సరికాదు. కథ చెప్పేవాడు "వచ్చిండు" అంటే కాకినాడ పాఠకుడికి అర్థం కాకుండా పోదు. మనం ఇన్నాళ్లుగా "వచ్చాడు" చదవడం లేదా?

అయితే ఒక షరతు ఉన్నది. కథనం యాసలో మొదలుపెడితే చివరిదాకా అదే నిలబెట్టాలి. మొదటి పేజీలో "కూసున్నది" అని, మూడవ పేజీలో మరచిపోయి "కూర్చుంది" అని రాస్తే పాఠకుడు కథలోనుంచి బయటకు వచ్చేస్తాడు. ఆ శ్రమకు సిద్ధంగా లేకపోతే కందిచేను గారి మార్గమే మంచిది.


డిండివాగు

ఇద్దరికీ కృతజ్ఞతలు. గుంటల సంగతి ఈరోజే సరిదిద్దుతాను. కథనంలో క్రియారూపాల గురించి నా మొగ్గు ప్రస్తుతానికి పాలపిట్ట గారి వైపు ఉన్నది. ఒక అధ్యాయం ఆ విధంగా రాసి, చదివి చూసుకొని నిర్ణయిస్తాను.

అయితే మీ జవాబులు చదువుతుంటే మరొక సందేహం వచ్చింది. మా దేవరకొండ ప్రాంతంలో తండాలు ఎక్కువ. కథలో అంతమ్మతో కలిసి పత్తి ఏరే స్త్రీ ఒక లంబాడీ. ఒక దృశ్యం పూర్తిగా ఆమె ఇంట్లో, ఆమెకూ ఆమె తల్లికీ మధ్య జరుగుతుంది. ఆ ఇంట్లో వాళ్లు తెలుగు మాట్లాడరు కదా. వాళ్ల మాటలను ఏ తెలుగులో రాయాలి? అలాగే అంతమ్మ కొడుకు పట్నం తెలుగుకు అలవాటు పడుతున్న పిల్లవాడు. తాత మాటలకూ అతని మాటలకూ మధ్య తేడాను అతిగా కాకుండా ఎలా చూపాలి?


జవాబు: మక్తల్‌బాట (నారాయణపేట)

తండా ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దీని గురించి రాసేవాళ్లు తక్కువగా ఆలోచిస్తారు. ఆ తల్లీకూతుళ్లు ఇంట్లో మాట్లాడేది లంబాడీల సొంత భాష గోర్ బోలి. వాళ్ల నోట నల్లగొండ యాస పెడితే, వాళ్లకు లేని ఒక గొంతును అంటగట్టినట్టు అవుతుంది. పత్రికల భాష పెడితే వాళ్లు ఉపన్యాసం ఇస్తున్నట్టు ఉంటుంది. చాలామంది చేసే మూడవ పని వాళ్ల చేత వచ్చీరాని తెలుగు మాట్లాడించడం. ఇది అన్నిటికన్నా అన్యాయమైనది, ఎందుకంటే తన సొంత భాషలో ఎవరూ తడబడరు. చేనులో అంతమ్మతో తెలుగు మాట్లాడేటప్పుడు మాట కొద్దిగా తడబడవచ్చు, ఇంట్లో తల్లితో మాట్లాడేటప్పుడు ఆమె గలగలా మాట్లాడుతుంది. ఆ తేడా కథకు చాలా బలం ఇస్తుంది. కాబట్టి ఇంటి దృశ్యాన్ని ఏ జిల్లా గుర్తూ లేని, పొట్టి వాక్యాల సాదా తెలుగులో రాయండి. "యాడీ" అనే పిలుపును మాత్రం అలాగే ఉంచండి. తల్లిని పిలుస్తున్నదని పాఠకుడికి వెంటనే తెలుస్తుంది, ఈ మాటలు తెలుగులో జరగడం లేదన్న స్పృహ కూడా ఆ ఒక్క పిలుపుతో కలుగుతుంది. ఆ దృశ్యం రాసిన తరువాత ఆ భాష ఇంట్లో మాట్లాడే ఒకరి చేత చదివించడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఊరి సరిహద్దుల విషయం కూడా చూసుకోవాలి. "తెలంగాణ యాస" అని ఒకే అచ్చు ఉన్నట్టు రాస్తారు కానీ దక్షిణ తెలంగాణలోనే ఎన్నో తేడాలు ఉన్నాయి. మా నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం కలుస్తుంది. అలంపురం వైపు పోతే కర్నూలు మాట వినబడుతుంది. కోదాడ, హుజూర్‌నగర్ దాటుతుంటే కృష్ణా జిల్లా ఛాయ వస్తుంది. దేవరకొండ మనిషి నోట వరంగల్ మాటలు పడకుండా జాగ్రత్త పడండి. మీ ఊరికి ఏది సొంతమో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇక తాత, మనవడు. ఇక్కడ యాస కన్నా తరం ముఖ్యం. భూమి చుట్టూ తిరిగే కథ కాబట్టి భూమి మాటలతోనే ఈ పని సులువుగా జరుగుతుంది. నిజాం కాలంలో రెవెన్యూ వ్యవహారమంతా ఉర్దూలో నడవడం వల్ల పట్టా, పహాణీ (ఊరి భూముల రికార్డు), గిర్దావరు (రెవెన్యూ ఉద్యోగి) వంటి మాటలు మన పల్లెల్లో చదువురాని వాళ్ల నోట కూడా నిలిచిపోయాయి. మామ వయసు మనిషికి 1954-55 నాటి ఖాస్రా పహాణీయే భూమికి ప్రమాణం. తన తండ్రి పేరు అందులో ఉన్నదని నమ్ముకొని బతికిన మనిషి అతను. అంతమ్మకు పాసుబుక్కు తెలుసు. కొడుకుకు 2020లో వచ్చిన ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ ధరణి, దాని తరువాతి భూభారతి, ఫోన్‌లో సర్వే నంబరు కొట్టి చూడడం తెలుసు. ఒకే ఇంట్లో ఒకే ఇరవై గుంటల గురించి ముగ్గురూ మూడు మాటలు వాడుతుంటే, ఎవరు ఏ కాలపు మనిషో చెప్పడానికి మీరు ఒక్క వాక్యం కూడా అదనంగా రాయనక్కరలేదు. తాత ధాన్యాన్ని మానెడు, అడ్డెడు లెక్కన చెబుతాడు, పిల్లవాడు కిలోల్లో అంటాడు. అమ్మకం గురించి వాళ్లిద్దరి మధ్య గొడవ రాసేటప్పుడు ఒకరి మాట ఒకరికి అందకపోవడాన్ని ఈ పదాలే చూపుతాయి.

పిలుపుల గురించి కందిచేను గారు ఒక మాటలో చెప్పి వదిలేశారు, నేను కొంచెం ఎక్కువ చెబుతాను. మామ కోడలిని "బిడ్డా" అంటాడు. కోపం వచ్చినా ఆ పిలుపు మారకపోవచ్చు. మారితే అది కథలో పెద్ద సంఘటన కావాలి. పుణె నుంచి ఫోన్ చేసిన భర్తను అంతమ్మ పేరు పెట్టి పిలవదు, "ఇంటున్నవా?" అంటుంది, అంతే. మేస్త్రితో మాట్లాడేటప్పుడు, అడ్వాన్సు బాకీ ఉన్నంత కాలం, ఆమె మాట చివర "అన్నా" ఉంటుంది. బాకీ తీరిన రోజు ఆ "అన్నా" ఉంటుందా లేదా అన్నది మీరు నిర్ణయించవలసిన విషయం. కొడుకు ఊళ్లో ఉన్నప్పుడు "అవ్వా" అని, స్నేహితులు పక్కన ఉన్నప్పుడు "అమ్మా" అని పిలుస్తాడనుకోండి, అతని లోపల ఏం జరుగుతున్నదో పాఠకుడు గ్రహిస్తాడు, తల్లి కూడా గ్రహిస్తుంది.

పని మాటల కోసం ఒక ఆధారం చెబుతాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాన్ని తెచ్చింది: వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఏ పనిముట్టును ఏ జిల్లాలో ఏమంటారో పల్లెలు తిరిగి సేకరించి రాశారు. మీ కథకు వ్యవసాయ సంపుటం పనికివస్తుంది. అయితే అది అరవై ఏళ్ల నాటి మాట. మోట బావి చుట్టూ ఉన్న పదాలన్నీ అందులో దొరుకుతాయి, కానీ ఇప్పుడు బోరు మోటార్ల కాలంలో వాటిని అంతమ్మ నోట పెడితే ఆమె తన మామ కన్నా ముసలిదై కూర్చుంటుంది. మామ జ్ఞాపకాల్లో వాటిని ఉంచండి.


జవాబు: కందిచేను (మహబూబ్‌నగర్)

పాలపిట్ట గారి అభ్యంతరం న్యాయమైనదే. కథనాన్ని ఆ యాసలోనే నడపగలిగితే నేను మొదట సంతోషిస్తాను. నేను భయపడేది ఒక్కదానికే: యాసలో రాస్తున్నామన్న ఉత్సాహంలో ప్రతి వాక్యంలోనూ ఆ యాసను చూపించాలన్న తొందర పుడుతుంది, అప్పుడు కథనం కూడా "గెందుకు" దారి పడుతుంది.

మీరు ఆ అధ్యాయం రాయబోతున్నారు కాబట్టి వర్ణక్రమం గురించి ఒక సూచన. మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: "చూసిండు" అని రాస్తారా, "సూసిండు" అనా, "కూచున్నది" అనా, "కూసున్నది" అనా, "లేకుంటే" అనా, "లేకుంటె" అనా. ఉచ్చారణలో ఎలా ఉన్నా, చదివే కన్ను ఆగకుండా పోయే రూపాన్ని కథనానికి ఎంచుకోండి. "సూసిండు" లాంటి గట్టి గుర్తులను మామ సంభాషణకు వదిలేయండి. కొడుకు "చూసిండు" అంటాడు, కాలేజీలో "చూశాడు" కూడా అంటాడు. ఈ మూడూ ఒకే కథలో ఉండవచ్చు, ఏది ఎవరిదో తారుమారు కాకుండా ఉంటే చాలు.

మామ భూమి అమ్మే దృశ్యం పూర్తి కాగానే ఇక్కడ పెట్టండి. ఆ దృశ్యంలో మేస్త్రి కూడా ఉంటాడని అనుకుంటున్నాను. అతని మాటల వరకు నేను చూడగలను, మా వైపు నుంచి వలసపోయే గుంపులను తీసుకుపోయే మేస్త్రీల మాట తీరు చిన్నప్పటి నుంచీ వింటున్నదే.